జైల్లో తయారైన డెస్కులు గురుకులానికి కొనవచ్చా? కొంటే ఎలా కొనాలి?

మేడమ్, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మీరు అచ్చంపేట దగ్గరి గురుకులంలో ఈ ఏడాదే ప్రిన్సిపాల్‌గా చేరారు. 60 డ్యుయల్ డెస్కులు, పిల్లలకు దుప్పట్లు, సబ్బులు, ఫినాయిల్ కొనాలి. జైలు శాఖ దగ్గర కొంటే టెండర్ గొడవ ఉండదు, ధర కూడా తక్కువ అని మీ సీనియర్ అసిస్టెంట్ అంటున్నారు. పీఈటీ సార్ ఏమో అమెరికా జైళ్ల మీద వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూపించి, వెట్టి చేయించిన సరుకు మన పిల్లలకెందుకు అన్నారు. ఎవరి మాట వినాలి, ఆడిట్‌లో ఇరుక్కుంటానా అని మీ టెన్షన్.

డెస్కులు కొనండి. దుప్పట్లు మాత్రం జైలు నుంచి వద్దు. సబ్బులు, ఫినాయిల్ ఎక్కడ కొన్నా పెద్ద తేడా లేదు. ఇక మీ సీనియర్ అసిస్టెంట్ చెప్పిన రెండు మాటల్లో మొదటిది సగమే నిజం, రెండోది లెక్కలోకి తీసుకోకూడని మాట. పీఈటీ సార్ అన్నది మాత్రం నవ్వి వదిలేసేది కాదు. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

నేను నల్లగొండలో సంక్షేమ శాఖ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. కొనుగోళ్ల సీటు నాకు మూడుసార్లు వచ్చింది, ఎవరూ వద్దన్నప్పుడల్లా నాకే ఇచ్చేవారు. దేవరకొండ, హాలియా, మునుగోడు వైపు హాస్టళ్లకు జైలు ఫర్నిచర్ తెప్పించిన అనుభవం ఉంది. అందులో ఒకసారి బాగానే తిట్లు తిన్నాను, అది తర్వాత చెప్తాను.

ముందు టెండర్ సంగతి. జైలు శాఖ కూడా ప్రభుత్వ శాఖే కాబట్టి నేరుగా ఆర్డర్ ఇచ్చేయొచ్చని ఆఫీసుల్లో అందరూ అంటారు. ఆ మాటను ఫైల్లో పెట్టలేం కదా. నామినేషన్ మీద, అంటే టెండర్ పిలవకుండా నేరుగా కొంటున్నారంటే, ఏ ఉత్తర్వు కింద కొంటున్నారో దాని కాపీ ఫైల్లో ఉండాలి. జైలు సూపరింటెండెంట్‌ని అడిగితే వాళ్లే ఇస్తారు, వాళ్లకు ఇది రోజూ పనే. దానితోపాటు సంతకం చేసిన రేట్ల పట్టిక అడగండి. మీ పర్చేజ్ కమిటీ తీర్మానం, గురుకులాల సొసైటీ నుంచి అనుమతి, ఈ రెండూ ఆర్డర్ తేదీకి ముందు తేదీతో ఉండాలి. తేదీలు వెనకాముందు అయిన ఫైళ్లే ఆడిట్‌లో ఎక్కువగా దొరికాయి. కొనుగోలులో అసలు తప్పు లేకపోయినా సరే.

డబ్బు ఎక్కడిదో కూడా చూసుకోండి. సమగ్ర శిక్షా లాంటి కేంద్ర నిధులైతే వాటికి వేరే షరతులు ఉంటాయి. 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌ని, అంటే ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ సంతని, 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో కేంద్ర మంత్రిత్వ శాఖలకు తప్పనిసరి చేశారు. రాష్ట్ర నిధులతో కొంటే మీకు అది నేరుగా వర్తించదు, కానీ నిధులు మంజూరు చేసిన ఉత్తర్వులో ఏం రాశారో చదవకుండా ముందుకు పోవద్దు. టెండర్ పరిమితి తప్పించుకోవడానికి 60 డెస్కుల్ని పదిహేను చొప్పున నాలుగు బిల్లులు చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం అసలు వినకండి. అది ఎంత పాత ఎత్తు అంటే, ఆడిటర్ ఫైలు విప్పగానే మొదట దానికోసమే వెతుకుతాడు.

ఇంకో చిక్కు అడ్వాన్స్. జైలు వాళ్లు సాధారణంగా ప్రొఫార్మా ఇన్‌వాయిస్ ఇచ్చి ముందు డబ్బు కట్టమంటారు, ముడిసరుకు కొనాలి కాబట్టి. ట్రెజరీ ద్వారా వచ్చే డబ్బైతే ఏసీ బిల్లు (వివరాలు తర్వాత చూపిస్తామని ముందే డబ్బు తీసే బిల్లు) పెట్టి డ్రా చేసి, సరుకు వచ్చాక డీసీ బిల్లు (ఆ ఖర్చు వివరాల బిల్లు) పెట్టాలి. ఏసీ బిల్లు పెట్టేటప్పుడు అందరికీ తొందరే, డీసీ బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. మీరు బదిలీ అయి వెళ్లిపోయాక కూడా ఆ ఆడిట్ పేరా, అంటే ఆడిటర్ రాసిన అభ్యంతరం, మీ వెనకాలే వస్తుంది. జీఎస్‌టీ విషయంలో చిన్న వెసులుబాటు ఉంది. ప్రభుత్వ సంస్థలు రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టు మీద, అమ్మినవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి 2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి కదా, ఒక ప్రభుత్వ సంస్థ నుంచి ఇంకో ప్రభుత్వ సంస్థకు జరిగే సరఫరాకు 2018 చివర్లో మినహాయింపు ఇచ్చారు. అంతమాత్రాన సరుకు మీద జీఎస్‌టీ ఉండదనుకోవద్దు, అది వేరు, ఇది వేరు.

ఇప్పుడు పీఈటీ సార్ మాట.

వెట్టి అనే మాట మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎవరూ తేలిగ్గా అనరు. దొరల గడీల్లో కూలి లేకుండా చాకిరీ చేసిన కుటుంబాల మనవళ్లు, మనవరాళ్లే ఇవాళ మీ గురుకులంలో చదువుతున్నారు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు పడ్డ వలస కూలీల పిల్లలూ ఉంటారు. అడ్వాన్స్ తీసుకుని మేస్త్రీ వెంట వెళ్లి, లెక్క తేలకుండా ఏళ్లకేళ్లు డ్యాముల దగ్గర పనిచేసినవాళ్లు వాళ్లు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అమ్మకాన్ని, వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. అలాంటప్పుడు జైల్లో పని చేయించడం ఏమిటి?

ఈ ప్రశ్న మీ పీఈటీ సార్ కన్నా ముందే మన హైకోర్టుకు వచ్చింది. ఖైదీల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించడం 23వ అధికరణానికి విరుద్ధమని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు 1988లో చెప్పింది. కేరళ, గుజరాత్ హైకోర్టులూ ఇంచుమించు అదే దారిలో వెళ్లాయి. చివరికి అన్నీ కలిపి 1998 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. కఠిన కారాగార శిక్ష పడ్డవాళ్ల చేత, వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పని చేయించవచ్చు. శిక్షలో శ్రమ కూడా భాగం కాబట్టి అది వెట్టి కిందికి రాదు. మిగతా ఖైదీలు తామే అడిగితేనే పని ఇవ్వాలి. చేసిన పనికి మాత్రం న్యాయమైన కూలి ఇచ్చి తీరాలి, అది ఎంతో తేల్చడానికి ప్రతి రాష్ట్రం ఒక సంఘాన్ని వేయాలి. కూలిలో కొంత భాగం నేర బాధితులకు వెళ్లేలా చట్టం చేయాలని కూడా చెప్పింది. జైల్లో పెట్టే తిండి, బట్టల ఖర్చు కూలి లెక్కలో తగ్గించుకునే వీలుంచింది. ఆ వీలును రాష్ట్రాలు ఎంత ధారాళంగా వాడుకున్నాయో కూలి రేట్లు చూస్తే తెలుస్తుంది. దేశంలో చాలా చోట్ల జైలు కూలి బయటి కనీస వేతనం దరిదాపుల్లో కూడా ఉండదు.

కాబట్టి చట్టం ప్రకారం అది వెట్టి కాదు. కూలి చూస్తే మాత్రం పీఈటీ సార్‌కి ఎందుకంత మంట పుట్టిందో నాకు అర్థమవుతుంది.

ఈ వ్యవహారంలో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టిన సంగతి ఒకటుంది. నేను మొదటిసారి డెస్కుల ధర కోసం ఒక సెంట్రల్ జైలుకు వెళ్లినప్పుడు, పోనీలే ఖైదీలకు పోతాయి, బేరం ఆడకూడదు అనుకుంటూ వెళ్లాను. వెల్డింగ్ షెడ్డులో పనిచేస్తున్న ఒకాయన నన్ను చూసి, ఏ ఊరి బడికి సార్ అని అడిగాడు. దేవరకొండ అన్నాను. మాది అటు పక్కే అన్నాడు. ఒక్కో డెస్కుకు నీకెంత వస్తుంది అని అడిగాను, తెలివితక్కువ ప్రశ్న. డెస్కుకు ఏం రాదు సార్, రోజుకు ఇంత, పది చేసినా అంతే అన్నాడు. పని నేర్చినవాడికి ఒక రేటు, సగం నేర్చినవాడికి ఒక రేటు, నేర్వనివాడికి ఒక రేటు. ఆ రేట్లు సర్కారు ఉత్తర్వులో ఉంటాయి. మనం కట్టే డబ్బు పోయేది సర్కారు ఖాతాలోకి. అందులోంచి అతని ఖాతాలో పడేది ఆ రోజు కూలి మాత్రమే. దాన్ని క్యాంటీన్లో ఖర్చు పెట్టుకుంటాడు, లేకపోతే ఇంటికి పంపుతాడు.

అంటే మీరు డెస్కుకు నూరు రూపాయలు ఎక్కువ కట్టినా అతని చేతికి పైసా ఎక్కువ రాదు, నూరు తగ్గించినా పైసా తగ్గదు. ధర తక్కువ అన్న మాటను లెక్కలోకి తీసుకోకూడదని నేను అన్నది ఇందుకే. ఆ తగ్గుదల పనితనం వల్ల వచ్చింది కాదు, కూలి తక్కువ ఇవ్వడం వల్ల వచ్చింది. మీ అచ్చంపేటలోనో కల్వకుర్తిలోనో వెల్డింగ్ షాపు పెట్టుకున్నవాడు షాపు కిరాయి కడతాడు, కరెంటు బిల్లు కడతాడు, ఇద్దరు కుర్రాళ్లకు బయటి కూలి ఇస్తాడు. అతని కొటేషన్‌ని, జైలు రేటుని పక్కపక్కన పెట్టి కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారు చేసి, చూశారా మనవాడు ఎంత ఎక్కువ వేశాడో అనడం న్యాయం కాదు. నేనూ అలాంటి స్టేట్‌మెంట్లు చాలా తయారు చేశాను, అప్పుడు తోచలేదు.

అయినా డెస్కులు జైలు నుంచే కొనమంటున్నాను. ఎందుకంటే ఆర్డర్లు లేని జైలు ఫ్యాక్టరీ ఇంకా ఘోరం. పని లేకపోతే కూలి లేదు, పొద్దంతా బారక్‌లో కూర్చోవాలి. 1894 జైళ్ల చట్టం పనిని రోజుకు తొమ్మిది గంటలు మించకూడదంది కానీ, చాలా జైళ్లలో సమస్య పని ఎక్కువై కాదు, లేక. వెల్డింగ్, కార్పెంటర్ పని బయటికి వచ్చాక ఇంత అన్నం పెట్టే పనులు. జైల్లో అన్ని పనులూ అలాంటివి కావు. ఊడ్చే పని ఎవరికి, వంట పని ఎవరికి అన్నది కులాన్ని చూసి పంచే నిబంధనలు కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువల్స్‌లో ఈ మధ్య దాకా ఉన్నాయి. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. షెడ్డులోకి వచ్చి మిషన్ పట్టుకునే అవకాశం ఎంతమందికి దొరుకుతుందన్నది మనలాంటివాళ్లు ఇచ్చే ఆర్డర్ల మీద ఆధారపడి ఉంటుంది.

మరి దుప్పట్లు ఎందుకు వద్దన్నానంటే, ఆ పని మన చుట్టుపక్కల బయట చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకే పని లేదు. చౌటుప్పల్ దగ్గర కొయ్యలగూడెం, పోచంపల్లి, పుట్టపాక, మీ వైపు గద్వాల, నారాయణపేట. మగ్గం మీద బతికే ఇళ్లు అవి. పట్టుచీరలకు పేరుంది, కొనేవాళ్లూ ఉన్నారు, కానీ నూలు దుప్పటి నేసేవాడికి సర్కారు ఆర్డరే దిక్కు. ప్రభుత్వ శాఖలు వస్త్రాలు చేనేత సహకార సంస్థ ద్వారా, అంటే పాత టెస్కో, ఇప్పటి టీజీస్కో ద్వారా తీసుకోవాలని ఉత్తర్వులు కూడా ఉన్నాయి. ఆడిట్‌కి కూడా ఆ దారే క్షేమం. ఒక సర్కారు సంస్థ పనిని ఇంకో సర్కారు సంస్థ చేత లాగేసుకునేలా చేయడం మన చేతులతో ఎందుకు?

అమెరికా వీడియో సంగతి. అక్కడి కథకూ మన కథకూ ముడిపెట్టి గాబరాపడొద్దు, కానీ తెలుసుకుంటే మంచిదే. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన వాళ్ల రాజ్యాంగ సవరణలోనే నేరానికి శిక్షగా తప్ప అని ఒక మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు ఖైదీలను తోటలకు, గనులకు కిరాయికి ఇచ్చాయి, ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. తర్వాత 1934లో ఫెడరల్ జైళ్ల పరిశ్రమల సంస్థ పెట్టారు, ఇప్పుడు దాన్ని యునికార్ పేరుతో పిలుస్తారు. కేంద్ర ప్రభుత్వ శాఖలు ఫర్నిచర్ లాంటివి ముందు దాని దగ్గరే చూడాలని చట్టం. చిన్న ఫ్యాక్టరీల వాళ్లు ఇదేం న్యాయమని ఏళ్ల తరబడి గొడవ చేస్తే, ఆ తర్వాత దాన్ని కొంత సడలించారు. ఇప్పుడు కొనేవాళ్లు ముందు మార్కెట్ చూసి, ధర, నాణ్యత, గడువు పోల్చుకుని, జైలు సరుకు తీసిపోతే బయట కొనుక్కోవచ్చు. తమాషా ఏమిటంటే, విదేశీ జైళ్లలో ఖైదీలు చేసిన సరుకు తమ దేశంలోకి రాకూడదని 1930లోనే చట్టం చేసింది కూడా ఆ దేశమే.

ఆ వీడియోలో ప్రైవేటు కంపెనీల కోసం ఖైదీలు పనిచేయడం చూపించారన్నారు. అది వేరే విషయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నాటి ఒప్పందం ప్రకారం కోర్టు శిక్ష వేసిన ఖైదీ చేత సర్కారు పర్యవేక్షణలో పని చేయిస్తే అది బలవంతపు చాకిరీ కాదు, కానీ అతన్ని ప్రైవేటు వ్యక్తులకో కంపెనీలకో అప్పగించకూడదు. భారత్ 1954లో దాని మీద సంతకం పెట్టింది. జైలు శాఖ తన షెడ్డులో చేయించి గురుకులానికి అమ్మడం ఈ గీతకు ఇవతలే ఉంది.

మీకు దగ్గరని మహబూబ్‌నగర్ జిల్లా జైలులో ఇంత ఆర్డర్ ఇవ్వాలని ఆలోచించకండి. మన నల్లగొండ జిల్లా జైలైనా అంతే. జిల్లా జైళ్లలో ఎక్కువమంది రిమాండ్ ఖైదీలు. 2022 చివరికి దేశం మొత్తం మీద 5,73,220 మంది ఖైదీలుంటే అందులో 4,34,302 మంది ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. వాళ్లను పనికి బలవంతం చేయకూడదు. ఇష్టపడి చేసినా, ఇవాళ వెల్డింగ్ నేర్చుకుంటున్నవాడికి రేపు బెయిల్ వస్తుంది, రావాలి కూడా. దీర్ఘకాలం శిక్ష పడ్డవాళ్లు, పెద్ద షెడ్డులు ఉండేది సెంట్రల్ జైళ్లలో. ఫర్నిచర్‌కి చర్లపల్లి అడగండి. వరంగల్ జైలు జంఖానాలకు మంచి పేరుండేది, 2021లో ఆసుపత్రి కోసం ఆ జైలును ఖాళీ చేయించి కూల్చేశారు. పాతవాళ్లెవరైనా ఇంకా వరంగల్ అడగమంటే అయోమయపడకండి. సబ్బులు, ఫినాయిల్ కావాలంటే మై నేషన్ పేరుతో జైలు శాఖ అమ్మే చోట దొరికితే తీసుకోండి, వాటికోసమే ప్రత్యేకంగా హైదరాబాద్ పోవద్దు. డీజిల్ ఖర్చు దండగ.

ఇక నేను తిట్లు తిన్న కథ. ఒక ఏడాది మార్చి నెలాఖరులో బడ్జెట్ లాప్స్ అయిపోతుందని హడావుడిగా ఒక జైలుకు డెస్కుల ఆర్డర్ ఇచ్చాం, డబ్బూ కట్టేశాం. జూన్‌లో హాస్టళ్లు తెరిచారు, డెస్కులు రాలేదు. ఫోన్ చేస్తే ఇనుప పైపు రాలేదన్నారు, మళ్లీ చేస్తే పని వచ్చినవాళ్లు విడుదలయ్యారన్నారు. పిల్లలు దసరా సెలవుల దాకా కింద కూర్చుని రాసుకున్నారు. ఒక తండ్రి ఆఫీసుకు వచ్చి, డబ్బులు కట్టినా బల్లలు రాకపోవడమేంది సార్ అని నిలదీశాడు. నా దగ్గర సమాధానం లేదు. డబ్బు కట్టాం కాబట్టి గడువు గురించి ఆర్డర్‌లో ఒక్క ముక్క కూడా రాయలేదు. తప్పు జైలుది ఎంతో, నాదీ అంతే. చివరికి వచ్చిన డెస్కుల్లో కొన్నింటికి పైపు పలచగా ఉంది, సంవత్సరం తిరక్కుండా కాళ్లు వంగిపోయాయి.

అప్పట్నించి నేను పాటించిన పద్ధతి చెప్తాను. ఆర్డర్‌లో పైపు సైజు, గేజ్ రాయండి. 18 కన్నా 16 గేజ్ మందం, నంబర్ తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది, ఇది తెలియక పెద్ద నంబర్ మంచిదనుకుని రాసినవాళ్లని చూశాను. పై చెక్క ఎన్ని మిల్లీమీటర్లో రాయండి, అంచులకు బీడింగ్ కావాలని రాయండి, లేకపోతే ఆడపిల్లల చున్నీలు చిరుగుతాయి. ఐదో తరగతి పిల్లకి, ఇంటర్ పిల్లకి ఒకే ఎత్తు డెస్కు తెప్పించకండి, రెండు ఎత్తులు చెప్పండి. మొదట ఒక్క శాంపిల్ చేయించి, చూసి, దాన్ని కాటా మీద తూచి, ఆ బరువును ఆర్డర్‌లో రాసి జైలర్ చేత సంతకం పెట్టించుకోండి. లారీ దిగేటప్పుడు ఏవో ఐదు డెస్కులు తీసి తూచండి. పెయింట్ వేశాక పైపు మందం కంటితో పోల్చుకోలేం, కాటాకు మాత్రం తెలుస్తుంది. ఈ చిట్కా నాకు నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక పాత ఇనుప సామాన్ల వ్యాపారి చెప్పాడు, ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

గడువు తప్పక రాయండి. విడతలుగా, 20 డెస్కుల చొప్పున ఇవ్వమనండి. పర్చేజ్ తీర్మానం ఒక్కటే ఉంటుంది కాబట్టి అది ముక్కలు చేసినట్టు కాదు. జైలు వాళ్లు బండి కిరాయి కలపకుండా ధర చెప్తారు. అచ్చంపేటకు చర్లపల్లి అంటే హైదరాబాద్‌కి ఆ చివర, డీసీఎం కిరాయి మీరే పెట్టుకోవాలి. దాన్ని కూడా కలిపి తీర్మానంలో రాయండి, తర్వాత కిరాయికి వేరే బిల్లు పెడితే ప్రశ్నలొస్తాయి. అక్కడికి వెళ్లినప్పుడు ఫ్యాక్టరీలో ఇప్పుడు కూలి రేట్లు ఎంతున్నాయని కూడా అడగండి. మీ ఫైలుకు అది అక్కర్లేదు, అడిగినందుకు ఎవరూ ఏమీ అనరు. పీఈటీ సార్‌కి చెప్పడానికి మీ దగ్గర ఒక అంకె ఉంటుంది.

ఇది రాస్తున్నప్పుడు డిసెంబర్ మొదటి వారం. జూన్‌లో తరగతులకు డెస్కులు కావాలంటే ఈ నెలలోనే శాంపిల్ ఖరారు కావాలి. రెండు ఎత్తుల కొలతలు నా పాత నోట్‌బుక్‌లో ఉన్నాయి, మీ తరగతి గది తలుపు వెడల్పు ఎంతో చెప్పండి. హాలియాలో ఒక హాస్టల్‌కి వచ్చిన డెస్కులు గుమ్మంలో పట్టక, కాళ్ల బోల్టులు విప్పి లోపల మళ్లీ బిగించాల్సి వచ్చింది.